మన ఆరోగ్య రికార్డు మన చేతిలో – 3వ పాఠం: చేరేముందే బయటికి దారి చూసుకోండి

పోయిన పాఠంలో పాత రిపోర్టులు, మందుల చీటీలు, డిశ్చార్జి సమ్మరీలు తేదీల వారీగా సర్దుకున్నాం కదా, ఇప్పుడు వాటిని ఎందులో పెట్టుకోవాలో చూద్దాం. స్టార్లు ఎక్కువున్నాయని ఏదో ఒక యాప్ దించేసుకోకండి, కాస్త ఆగండి.

ఆరోగ్య రికార్డులు దాచుకునే సాధనాలు స్థూలంగా రెండు రకాలు. ఒకటి ఆసుపత్రి ఇచ్చే పోర్టల్, అంటే మన రిపోర్టులు చూసుకునే వాళ్ల వెబ్‌సైటో యాపో. రిపోర్టులు వాటంతటవే వచ్చి పడతాయి, మనకు శ్రమ లేదు, కానీ బయట చేయించుకున్న పరీక్షలు చాలావరకు అందులో కనిపించవు. రెండోది మనమే నడుపుకునే విడి యాప్. నాలుగు చోట్ల చూపించుకునేవాళ్లకి ఇదే నయం, కాకపోతే ఎక్కించే చాకిరీ మనదే.

ఏదైనా సరే, నేను ముందు అడిగేది ఒక్కటే: రేపు దీన్ని వదిలేస్తే నా వివరాలు నాతో వస్తాయా? పెద్ద కంపెనీ, ఎక్కడికి పోతుందిలే అనుకోవడానికి లేదు. ఇలాంటి రికార్డులు దాచుకోడానికే గూగుల్ పెట్టిన గూగుల్ హెల్త్ 2008లో మొదలై 2012 జనవరి 1న ఆగిపోయింది, వివరాలు దించుకోడానికి మాత్రం ఇంకో ఏడాది గడువిచ్చారు. అలాంటిదే మైక్రోసాఫ్ట్ వాళ్ల హెల్త్‌వాల్ట్ 2007లో వచ్చి 2019 నవంబర్‌లో మూతపడింది.

కాబట్టి ఈ పాఠానికి అభ్యాసం ఇది. ఒకే ఒక్క రక్తపరీక్ష రిపోర్టు తీసుకోండి. ఉదాహరణకి ఫాస్టింగ్ షుగర్ 108 అనుకుందాం. ఆ అంకె, పక్కన యూనిట్ (మిల్లీగ్రాములు పర్ డెసీలీటర్), పరీక్ష తేదీ, ల్యాబ్ వేసిన నార్మల్ రేంజి ఎక్కించి, రిపోర్టు ఫొటో కూడా జత చేయండి. వెంటనే సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ (మన వివరాలు ఫైల్‌గా బయటికి దించుకునే వీలు) ఎక్కడుందో వెతికి, వచ్చిన ఫైల్ తెరవండి. సీఎస్‌వీ (పట్టికలా ఉండే మామూలు ఫైల్) అయితే ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది, 108 పక్కన తేదీ, యూనిట్ ఉన్నాయా లేదా చూడండి. యూనిట్ రాకపోతే ఆ యాప్ నాకైతే వద్దు, ఎందుకంటే ఇదే షుగర్‌ని మిల్లీమోల్స్ పర్ లీటర్‌లో కొలిచే ల్యాబ్ 6.0 అని వేస్తుంది, రెండూ ఒకే గ్రాఫ్‌లో పడ్డాయంటే చూసేవాళ్లకి టెన్షనే. పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే డాక్టర్‌కి చూపించడానికి పనికొస్తుంది గానీ, ఇంకో యాప్‌కి మారేటప్పుడు మళ్లీ అన్నీ కొట్టుకోవాల్సి రావచ్చు. ఎఫ్‌హెచ్‌ఐఆర్ అనే ప్రమాణంలో ఇస్తే ఇంకా మేలు, ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్లు సమాచారం ఇచ్చిపుచ్చుకోడానికి వాడే ప్రమాణాల్లో అదొకటి. స్కానింగులైతే డైకామ్ ఫైళ్లే (స్కాన్ మెషీన్లు ఇచ్చే అసలు బొమ్మల ఫైళ్లు) దాచుకోండి, ఫిల్మ్‌కి తీసిన ఫోన్ ఫొటోలో చిన్న తేడాలు కనబడవు.

యాప్ ఉచితమైతే డబ్బు ఎలా సంపాదిస్తున్నారో, మన వివరాలు ఎవరికి ఇస్తామంటున్నారో ప్రైవసీ పాలసీలో ఆ ఒక్క భాగమైనా చదవండి. ఖాతా తీసేస్తే వివరాలు కూడా చెరిపేస్తారా అన్నదీ అక్కడే ఉంటుంది. ఇంట్లోవాళ్లకి చూపించాలంటే పాస్‌వర్డ్ చెప్పేయకుండా, వాళ్లకి విడిగా లాగిన్ ఇచ్చే వీలుందేమో చూడండి.

మిగతా రిపోర్టులు అప్పుడే ఎక్కించకండి. ఈ ఒక్కదానితోనే రెండు మూడు యాప్‌లు పరీక్షించండి. వచ్చే పాఠంలో మందుల జాబితా, అలర్జీలు ఎక్కిద్దాం.