బ్లాంక్‌లోనూ అఫ్లాటాక్సిన్ కనిపిస్తోందా? ముందు సాల్వెంట్ చూడండి

సమస్య: అఫ్లాటాక్సిన్ (బూజు నుంచి వచ్చే విషం) ఉందేమోనని మిర్చి పొడికో వేరుశనగకో ఎలైసా (యాంటీబాడీతో చేసే పరీక్ష) పెడితే శాంపిళ్లన్నీ పాజిటివ్. టాక్సిన్ లేదని ఖాయంగా తెలిసిన బ్లాంక్ కూడా పాజిటివే. స్టాండర్డ్ కర్వ్ (తెలిసిన మోతాదుల టాక్సిన్‌తో గీసే కొలత గీత) మాత్రం నిక్షేపంగా ఉంది.

ఇది చూడగానే కొత్త కిట్‌కి ఆర్డర్ పెట్టేస్తారు. దయచేసి ఆగండి. ఇది కాంపిటీటివ్ ఎలైసా, అంటే రంగు తగ్గితే టాక్సిన్ ఎక్కువని లెక్క. వెల్‌లో (ప్లేట్ గుంటలో) యాంటీబాడీ పట్టు ఏ కారణంతో సడలినా రీడర్‌కి అది టాక్సిన్‌లాగే కనిపిస్తుంది. యూరప్‌కి వెళ్లే మిర్చిలో బీ1 (అఫ్లాటాక్సిన్‌లలో ఒక రకం) పరిమితి కిలోకి 5 మైక్రోగ్రాములే, ఆ దగ్గర దొంగ పాజిటివ్ వచ్చిందంటే మంచి సరుకు లాట్ మొత్తం ఆగిపోతుంది.

కారణం: శాంపిల్‌లోని సాల్వెంటూ (కరిగించే ద్రవం) స్టాండర్డ్‌లోని సాల్వెంటూ ఒకటి కాకపోవడం. 70 శాతం మిథనాల్‌తో తీసిన ఎక్స్‌ట్రాక్ట్‌ని ఏడు రెట్లు పలుచన చేస్తే 10 శాతం అవుతుంది, స్టాండర్డ్‌లు కూడా 10 శాతం మిథనాల్‌లో ఉంటే గొడవ లేదు, ఇంతవరకు అందరికీ తెలిసిందే. దెబ్బ కొట్టేది ఎక్కడంటే, ఎల్‌సీ-ఎంఎస్ (యంత్రంతో చేసే మరో పరీక్ష) కోసం తీసిన ఎక్స్‌ట్రాక్ట్ మిగిలింది కదా అని దాన్నే ప్లేట్‌లో వేయడం దగ్గర. అది చాలాసార్లు 84 శాతం అసిటోనైట్రైల్. ఏడు రెట్లు చేసినా 12 శాతం ఉంటుంది. 10కీ 12కీ ఏం తేడా అనుకుంటారు గానీ, సాల్వెంటే వేరు, అదే శాతంలో మిథనాల్ కంటే అసిటోనైట్రైల్ సాధారణంగా యాంటీబాడీని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మోతాదు కొంచెం పెరిగితే టాక్సిన్ మీద పట్టు సడలుతుంది, మరీ పెరిగితే ప్రొటీన్ మడతలే విడిపోతాయి, ఆ తర్వాత ఎంత పలుచన చేసినా తిరిగి రాదు. కాంజుగేట్‌లో (ఎంజైమ్ తగిలించిన కిట్ ద్రావణంలో) ఉన్న, రంగు తెప్పించే ఎంజైమ్‌దీ అదే గతి.

తేల్చుకోవడానికి మూడు రకాల వెల్స్ చాలు: జీరో స్టాండర్డ్ (టాక్సిన్ లేనిది), శాంపిల్‌లో ఉన్నంత సాల్వెంట్ కలిపిన ఉత్త బఫర్, బ్లాంక్ ఎక్స్‌ట్రాక్ట్. రెండోదాంట్లోనే 450 నానోమీటర్ల రీడింగ్ పడిపోతే తప్పు సాల్వెంట్‌దే. రెండోది బాగుండి మూడోది పడితే మిర్చి రంగు, నూనెల సంగతి చూడాలి.

పరిష్కారం: మిథనాల్‌తో మళ్లీ ఎక్స్‌ట్రాక్ట్ చేయండి. శాంపిల్ అయిపోయిందా, ఉన్నదాన్నే నైట్రోజన్ కింద ఆరబెట్టి, స్టాండర్డ్‌లు ఏ మిథనాల్-బఫర్‌లో ఉన్నాయో అందులోనే కరిగించండి. ఉత్త నీళ్లలో వద్దు, అఫ్లాటాక్సిన్ సరిగా కరగక గొట్టం గోడలకు అంటుకుపోతుంది. పలుచన చేశాక వోర్టెక్స్‌తో (గొట్టాన్ని గిర్రున కదిపే యంత్రం) కలపడం తప్పనిసరి, లేకపోతే తేలికైన మిథనాల్ పైనే ఉండిపోతుంది, మీ పిపెట్ టిప్ సరిగ్గా ఆ పొరనే పీలుస్తుంది. "1:7" అని రాసి ఉంటే ఒకటికి ఆరు కలపాలా ఏడా అన్నది కిట్ షీట్‌లో చూసుకోండి.

టీఎంబీ (రంగునిచ్చే రసాయనం) పాడవడం, వాషర్ మొరాయించడం లాంటివి అరుదు, పైగా అవి ఉంటే స్టాండర్డ్‌లు కూడా చెడతాయి. కర్వ్ బాగున్నప్పుడు వాటి జోలికి పోవద్దు. ఈ తేడాతో పాజిటివ్ అని రాసిన శాంపిళ్లు ఏమైనా ఉంటే మాత్రం రిపోర్ట్ బయటికి వెళ్లకముందే అన్నీ మళ్లీ పెట్టండి.