క్రీమ్ ప్యాకెట్ లేకపోయినా చిక్కగా కుదిరే చికెన్ పాస్తా

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో, మా వీధి కొట్లో క్రీమ్ ప్యాకెట్ ఒకరోజు ఉంటే నాలుగు రోజులు ఉండదు. దానికోసమే సరిహద్దు దాటి పాతపట్నం వెళ్లొచ్చిన సాయంత్రాలు ఉన్నాయి, ఇప్పుడు మాత్రం వెళ్లడం లేదు. ఎందుకంటే ఈ పాస్తాకి చిక్కదనం ఇచ్చేది పాలు, మైదా, పాస్తా ఉడికిన గంజి. ఆ చిక్కదనం విరగకుండా నిలబెట్టేది సన్నమంట.

నలుగురికైతే పెన్నె (చిన్న గొట్టాల్లా ఉండే) పాస్తా 250 గ్రాములు, బోన్‌లెస్ చికెన్ 300 గ్రాములు, చిక్కటి పాలు 400 మిల్లీలీటర్లు, బటర్ 2 పెద్ద చెంచాలు, మైదా ఒకటిన్నర పెద్ద చెంచా, వెల్లుల్లి ఏడెనిమిది రెబ్బలు, ఒక ఉల్లిపాయ, 2 చీజ్ క్యూబులు, మిరియాలపొడి. పాస్తా ప్యాకెట్ మీద డ్యూరం గోధుమ రవ్వ అని ఉంటేనే తీసుకోండి, మైదాతో చేసింది తొందరగా ముద్దవుతుంది.

చికెన్ కొట్లో ఉత్తినే బోన్‌లెస్ అంటే ఎక్కువగా రొమ్ము ముక్కే ఇస్తారు, అది రెండు నిమిషాలు ఎక్కువ వేగినా పీచులా ఎండిపోతుంది కాబట్టి లెగ్ బోన్‌లెస్ కావాలని అడగండి. చిన్న ముక్కలు కోసి ఉప్పు, మిరియాలపొడి పట్టించి పావుగంట ఉంచితే చాలు. అలవాటు కొద్దీ పెరుగు, నిమ్మరసం మాత్రం వద్దు. ఒకసారి ఇంటికి చుట్టాలొచ్చిన రోజు నిమ్మరసం పట్టించిన ముక్కలు పాలల్లో వేశాను, చూస్తుండగానే సాసంతా సన్నటి పలుకులుగా విరిగి నీళ్లు పక్కకు తేలిపోయాయి, ఎంత కలిపినా మళ్లీ కలవలేదు.

రెండు లీటర్ల నీళ్లు తెర్లుతున్నప్పుడు పెద్ద చెంచాడు ఉప్పు, తర్వాత పాస్తా వేయండి. ప్యాకెట్ మీద రాసిన టైమ్‌కి రెండు నిమిషాల ముందే ఒకటి తీసి అడ్డంగా కోసి చూడండి, గొట్టం అంచు మధ్యలో సన్నటి తెల్లటి గీతలా పలుకు కనిపిస్తే అదే అదును, మిగతా ఉడుకు సాస్‌లో ఉడుకుతుంది. వార్చేముందు రెండు గ్లాసుల గంజి పక్కన పెట్టుకోవడం మరిచిపోకండి. వార్చాక చన్నీళ్లతో కడగొద్దు, పైనున్న పిండి పోతే సాస్ పట్టదు.

పాస్తా ఉడికేలోపే మూకుడులో సగం బటర్ వేసి చికెన్ ముక్కల్ని ఎడంగా పరిచి, కదపకుండా ఒకవైపు ఎర్రబడనిచ్చి తిప్పండి. ఏడెనిమిది నిమిషాలయ్యాక ఒక ముక్క తుంచి చూస్తే లోపల గులాబీ రంగు ఉండకూడదు. అవి తీసేసి అదే మూకుడులో మిగతా బటర్, వెల్లుల్లి, ఉల్లిపాయ వేసి మగ్గనివ్వండి. అడుగున అంటుకున్న ఆ ఎర్రటి గోకుడులోనే రుచంతా ఉంది, గీకి కలిపేయండి. మైదా వేసి పచ్చివాసన పోయేదాకా ఒక నిమిషం వేయించి, చల్లటి పాలు కొంచెం కొంచెంగా పోస్తూ ఉండ కట్టకుండా కలుపుతూ ఉండండి. గరిట వెనక వేలితో గీత గీస్తే ఆ గీత నిలవాలి. అప్పుడు మంట బాగా తగ్గించి చీజ్ తురిమి వేయండి. మా దగ్గర తాజా ఛెనా (పాలు విరగ్గొట్టి తీసే మెత్తటి పనీర్ లాంటిది) దొరుకుతుంది కదా అని చీజ్ బదులు వేస్తే లాభం లేదు, పులుపుతో విరగ్గొట్టింది కాబట్టి కరగదు, నలకలుగా మిగిలిపోతుంది. ఇంట్లో మీగడ ఉంటే రెండు చెంచాలు చిలికి కలపండి, చాలా బాగుంటుంది.

ఇక పాస్తా, చికెన్ వేసి అరగ్లాసు గంజి పోసి రెండు నిమిషాలు కలపండి. మొదట పల్చగా అనిపిస్తుంది, టెన్షన్ పడొద్దు, కలిపేకొద్దీ చిక్కబడి ముక్కముక్కకీ పట్టుకుంటుంది, గట్టిపడితే ఇంకాస్త గంజి. గంజిలోనూ చీజ్‌లోనూ ఉప్పు ఉంది కాబట్టి రుచి చూశాకే వేయండి. మా పిల్లలకి మిరియాలతో సరిపోతుంది, పెద్దవాళ్లకి పైన ఎండుమిర్చి నలిపి చల్లుతాను.

వేడిగా ఉన్నప్పుడే వడ్డించండి. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది, మర్నాడు కాసిని పాలు చిలకరించి మూతపెట్టి సన్నమంట మీద వేడిచేస్తే మళ్లీ వదులవుతుంది.