ఒడిశా సరిహద్దు ఊళ్లకు కొత్తగా వచ్చిన ఆర్‌సీ కారు వాళ్లకు: డిశ్చార్జర్ ఇంట్లోనే కట్టుకోండి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు ఉద్యోగానికో చదువుకో వచ్చి, సామాన్లతో పాటు ఆర్‌సీ కారు (రిమోట్‌తో నడిపే చిన్న కారు) కూడా తెచ్చుకున్నవాళ్ల కోసం ఇది. డిశ్చార్జర్, అంటే కారు బ్యాటరీ ప్యాక్‌ని ఖాళీ చేసి సమయానికి ఆపే పరికరం, దాని కోసం ఆర్‌సీ సామాను కొట్టు వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. కావలసినవన్నీ ఆటో విడిభాగాల కొట్లో, టీవీలు బాగుచేసే కొట్లో దొరుకుతాయి. బరంపురం, రాయగడ బజార్లలో తెలుగుతోనే పని నడుస్తుంది. లోపలి ఊళ్లలో అయితే "పురుణా ఎస్‌ఎంపీఎస్ అఛి కి?" అని అడగండి, పాత ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బా) ఉందా అని. ధరకి "కెతే?" చాలు.

ముందు ఒక మాట. ఇది 6 సెల్సున్న 7.2 వోల్టుల నికెల్ ప్యాక్‌లకే. వాటిలోనూ నికెల్ కాడ్మియంకి దీని అవసరం ఎక్కువ, నికెల్ మెటల్ హైడ్రైడ్‌కి అప్పుడప్పుడు చాలు. ప్రతి పరుగు తర్వాతా ఖాళీ చేస్తే సెల్సు అరగడం తప్ప లాభం లేదు.

ఖాళీ చేయడం పెద్ద విద్య కాదు, రెండు బల్బులు తగిలిస్తే అదే అయిపోతుంది. సమయానికి ఆపడమే అసలు పని. ఆరు సెల్సూ ఒకేసారి అయిపోవు. బలహీనమైనది ముందు సున్నాకి దిగుతుంది, మిగతా అయిదూ దానిలోంచి కరెంటు తోస్తూనే ఉంటాయి, దాని ప్లస్సు మైనస్సవుతుంది. అలా తిరగబడ్డ సెల్ లోపల గ్యాసు పుట్టి, కెపాసిటీ పడిపోతుంది. అందుకే సెల్‌కి 0.9 నుంచి 1 వోల్టు మధ్య, అంటే ప్యాక్ మొత్తానికి 5.4 నుంచి 6 వోల్టుల మధ్య తెగిపోవాలి. బల్బులు పెట్టి టీ తాగి వద్దామనుకునేవాళ్ల ప్యాక్‌లే ముందు పోతాయి.

సామాను: 12 వోల్టుల 21 వాట్ల కారు ఇండికేటర్ బల్బులు రెండు, హోల్డర్లతో. బైక్ ఇండికేటర్ బల్బు మామూలుగా 10 వాట్లే, అది వద్దు. ఎల్‌ఈడీ అంటగడతారు, ఫిలమెంటుదే కావాలనండి. 5 వోల్టుల కాయిల్, 10 ఆంపియర్ల కాంటాక్ట్ ఉన్న రిలే (కాయిల్‌కి కరెంటిస్తే పట్టుకునే స్విచ్) ఒకటి. టీఎల్ 431 (వోల్టేజీ చూసి కరెంటు పోనిచ్చే చిన్న ఐసీ) ఒకటి; ట్రాన్సిస్టర్‌లా మూడు కాళ్లుంటుంది, పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ బోర్డులో దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. 1ఎన్4007 డయోడ్లు రెండు, 10 కిలో ఓమ్‌ల ఒక శాతం రెసిస్టర్లు రెండు, నొక్కుడు బటన్, ప్యాక్‌కి సరిపోయే కనెక్టర్.

కట్టే తీరు ఇది. ప్యాక్ ప్లస్సుని రిలే కామన్ కాలికి ఇవ్వండి. మామూలుగా తెరిచి ఉండే కాలి నుంచి రెండు బల్బులకూ పక్కపక్కగా, బల్బుల రెండో కొస ప్యాక్ మైనస్సుకి. ఆ తెరిచి ఉండే కాలి నుంచే ఒక డయోడ్ తీసుకుని, వెండి గీత ఉన్న కొస నుంచి సన్నని తీగ ఒకటి నడపండి. దీన్ని కంట్రోల్ తీగ అందాం. బటన్ ఒక కాలు ప్యాక్ ప్లస్సుకి, రెండోది కంట్రోల్ తీగకి. కంట్రోల్ తీగ నుంచి రిలే కాయిల్, కాయిల్ రెండో కొస టీఎల్ 431 క్యాథోడ్‌కి, దాని ఆనోడ్ మైనస్సుకి. రెండు రెసిస్టర్లను వరసగా కలిపి కంట్రోల్ తీగకీ మైనస్సుకీ మధ్య పెట్టి, వాటి నడుమ నుంచి టీఎల్ 431 రిఫరెన్స్ కాలికి తీగ ఇవ్వండి. మిగిలిన డయోడ్ కాయిల్‌కి అడ్డంగా, గీత కంట్రోల్ తీగ వైపు. అది లేకపోతే రిలే వదిలేటప్పుడు పుట్టే పోటు టీఎల్ 431ని తినేస్తుంది.

రిఫరెన్స్ దగ్గర 2.5 వోల్టులు ఉన్నంతసేపే రిలే పట్టుకుంటుంది. సమాన రెసిస్టర్లు కాబట్టి కంట్రోల్ తీగ మీద 5 వోల్టులు, దానికి డయోడ్ తినే 0.7 కలిపితే ప్యాక్ 5.7 దగ్గర తెగుతుంది. ఒకసారి తెగితే మళ్లీ బటన్ నొక్కేదాకా రాదు. ఇది కావాలనే, బల్బుల లోడు తీయగానే ప్యాక్ వోల్టేజీ పైకి లేస్తుంది, ఈ తాళం లేకపోతే రిలే టకటక కొట్టుకుంటుంది.

బటన్ ఒక సెకను పట్టుకోండి. చల్లటి ఫిలమెంట్ మొదట పది రెట్లదాకా లాగుతుంది, ప్యాక్ ఒక్క క్షణం కుంగుతుంది. వదలగానే ఆరిపోతే ప్యాక్ అప్పటికే ఖాళీ, లేదా మొదటి డయోడ్ తిరగేసి ఉంది. అసలు క్లిక్కే లేకపోతే టీఎల్ 431 కాళ్లు చూడండి: చదును ముఖం మీ వైపు, కాళ్లు కిందికి ఉంటే సాధారణంగా ఎడమ నుంచి రిఫరెన్స్, ఆనోడ్, క్యాథోడ్. తెగే వోల్టేజీని బల్బులు వెలుగుతుండగానే, ప్యాక్ కనెక్టర్ దగ్గరే కొలవండి. ఆరాక కొలిస్తే 6.5 పైనే చూపించి, ముందే తెగిందనే భ్రమ కలుగుతుంది. రిలే కాంటాక్ట్ అతుక్కుపోయే ప్రమాదం కూడా లేకపోలేదు, కాబట్టి ఆరే సమయానికి దగ్గర ఉండండి.

7.2 వోల్టుల మీద ఒక్కో బల్బు 1.3 ఆంపియర్లదాకా లాగుతుంది, రెండూ కలిపి 2.6. నిండిన 3000 మిల్లీ ఆంపియర్ అవర్ ప్యాక్‌కి గంటా పది నిమిషాలు పట్టాలి. నలభైకే ఆరిపోతోందంటే ప్యాక్ ముసలిదైంది. బల్బులు మసగ్గా వెలిగినా గాజు కాలుతుంది; ప్లాస్టిక్ డబ్బా మీద కాకుండా రేకు మీద బిగించండి. ఎండాకాలంలో ప్యాక్ చేతికి వెచ్చగా తగులుతున్నంతసేపు ఛార్జింగ్ పెట్టకండి.

గోపాల్‌పూర్ ఇసుకలో కారు తిప్పేవాళ్లకి ఇంకో తలనొప్పి, ఉప్పుగాలి. కనెక్టర్ పిన్నులకి పచ్చని చిలుము పడితే అక్కడే వోల్టేజీ పడిపోయి, డిశ్చార్జర్ తొందరగా తెగుతుంది. సర్క్యూట్‌ని తిట్టేముందు పిన్నులు గీకండి.

లిపో (లిథియం పాలిమర్) ప్యాక్‌కి ఇది తగిలించకండి. రెండు సెల్స్ లిపోకి 5.7 అంటే సెల్‌కి 2.85, అంటే చావే. దాచిపెట్టడానికి దించాలంటే బ్యాలెన్స్ కనెక్టర్‌కి (ఒక్కో సెల్ వోల్టేజీ విడిగా అందే చిన్న కనెక్టర్) పెట్టే బజర్ కొని సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర పెట్టి, ఒకే బల్బు నేరుగా తగిలించి, పక్కనే కూర్చోండి. కూతపెట్టగానే పీకేయాలి.