కాలిఫోర్నియాలో ఇల్లు అమ్మేటప్పుడు ప్రకృతి ప్రమాదాల ఫారం ఎలా ఇవ్వాలి?

ఫ్రీమాంట్‌లోనో శాన్ రామోన్‌లోనో పదిహేనేళ్ల కిందట కొన్న ఇంటిని ఇప్పుడు అమ్మకానికి పెడుతున్నారనుకోండి. కొన్న రోజు సంతకాలు పెట్టిన కాగితాల దొంతరలో ‘నేచురల్ హజార్డ్ డిస్‌క్లోజర్ స్టేట్‌మెంట్’ అనే ఫారం ఉండే ఉంటుంది. ఇల్లు వరద, కార్చిచ్చు, భూకంపం లాంటి ప్రమాదాల మండలంలో ఉందో లేదో కొనేవాళ్లకి చెప్పే కాగితం అది. దాన్ని చదివి సంతకం పెట్టినవాళ్లు తక్కువ. ఇప్పుడు ఆ ఫారం ఇచ్చే వంతు మీది.

ఒకటి నుంచి నాలుగు వాటాల వరకు ఉన్న ఇల్లు ఏది అమ్మినా 1998 నుంచి ఇది తప్పనిసరి. ఏజెంటు లేకుండా సొంతంగా అమ్ముకున్నా ఇవ్వాలి. ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నామని ఒప్పందంలో రాసుకున్నా ఇవ్వాలి. కొనేవాళ్లు మాకు అక్కర్లేదని రాసిచ్చినా ఆ రాత చెల్లదు. కోర్టు ఉత్తర్వుతో జరిగే అమ్మకాలకీ, భార్యాభర్తల మధ్య, తల్లిదండ్రులూ పిల్లల మధ్య జరిగే బదిలీలకీ మాత్రం మినహాయింపు ఉంది.

1. ఇల్లు లిస్టింగ్‌లో పెట్టకముందే రిపోర్టు తెప్పించుకోండి

పటాలు ముందేసుకుని మీరే ఫారం నింపుకోవచ్చు. ఫెమా (కేంద్ర ప్రభుత్వ విపత్తుల సంస్థ) వరద పటాలు, రాష్ట్ర భూగర్భ సర్వే వాళ్ల భూకంప పటాలు, కాల్‌ఫైర్ (రాష్ట్ర అగ్నిమాపక శాఖ) అగ్ని పటాలు అన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. అయినా నేనైతే ఆ పటాలన్నీ చూసి పెట్టే కంపెనీ నుంచి డబ్బు పెట్టి రిపోర్టు తెప్పించుకోమనే చెబుతాను. ఇంటి అమ్మకంలో అయ్యే మిగతా ఖర్చుల ముందు అది లెక్కలోకే రాదు. పైగా ఈ పని తెలిసిన నిపుణుల రిపోర్టు మీద ఆధారపడి జవాబిస్తే, అందులో పొరపాటు దొర్లినా చట్టం మీకు కొంత రక్షణ ఇస్తుంది.

మీరు కొన్నప్పటి పాత రిపోర్టు బీరువాలో ఉంది కదా అని దాన్నే ఇవ్వకండి. పటాలు మారుతుంటాయి. కాల్‌ఫైర్ ఊళ్ల లోపలి ప్రాంతాలకి కూడా 2025 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొత్త పటాలు విడుదల చేసింది. ప్రమాదం స్థాయిని రంగులతో చూపే ఆ పటాల్లో అంతకుముందు ఏ రంగూ లేని వీధులు కొన్ని ఇప్పుడు రంగు మండలాల్లోకి వచ్చాయి.

2. ఆరు ప్రశ్నలు ఏం అడుగుతున్నాయో అర్థం చేసుకోండి

మొదటిది వరద. ఫెమా పటంలో ‘A’ అక్షరంతోనో ‘V’ అక్షరంతోనో మొదలయ్యే జోన్‌లో ఇల్లుంటే జవాబు ‘అవును’. అక్కడ వరద వచ్చే అవకాశం ఏడాదికి ఒక శాతమే కదా అనిపిస్తుంది గానీ, ముప్పై ఏళ్ల లోను కాలానికి లెక్క కడితే అది దాదాపు 26 శాతం. మామూలు ఇంటి బీమా వరద నష్టాన్ని భరించదు. అందుకే కొనేవాళ్ల కళ్లు ముందు ఈ గడి మీదే పడతాయి.

రెండోది, పైనున్న డ్యామ్ తెగితే నీళ్లొచ్చే ప్రాంతమా అని. ఏటికి మైళ్ల దూరంలో ఉన్నవాళ్లు కూడా ఇక్కడ ‘అవును’ చూసి ఉలిక్కిపడతారు. డ్యామ్ తెగుతుందని దానర్థం కాదు, తెగితే నీళ్లు ఎంతవరకు పారతాయన్న లెక్క అది. అలాగని ఉత్త ఊహా కాదు. మోర్గన్ హిల్ దగ్గరి ఆండర్సన్ డ్యామ్ పెద్ద భూకంపానికి తట్టుకోదేమోనని 2020లో రిజర్వాయరు ఖాళీ చేయమని ఆదేశించారు.

మూడు, నాలుగు ప్రశ్నలు కార్చిచ్చు గురించి: ఇల్లు అగ్ని ప్రమాదం ఉందని పటాల్లో గుర్తించిన ప్రాంతాల్లో ఉందా అని.

ఐదోది భూకంప ఫాల్ట్ (భూమిలోని చీలిక) మండలం. 1971 శాన్ ఫెర్నాండో భూకంపం తరవాత, 1972లో వచ్చిన ఆల్‌క్విస్ట్-ప్రియోలో చట్టం కింద ఈ మండలాలు గీశారు. 1868లో పెద్ద భూకంపం తెచ్చిన హేవార్డ్ ఫాల్ట్ ఫ్రీమాంట్ ఊళ్లోంచే, లేక్ ఎలిజబెత్ పక్క నుంచే పోతుంది. ‘అవును’ అంటే ఇంటి కిందే చీలిక ఉందని కాదు. చీలికకి రెండు వైపులా గీసిన పట్టీలో ఇల్లుందని. అయితే రేపు అక్కడ ఇల్లు కూల్చి కొత్తది కట్టాలంటే ముందు భూగర్భ పరిశీలన చేయించమని అడగవచ్చు. కొనేవాళ్లు లెక్కేసుకోవాల్సింది అదే.

ఆరోది, భూమి ఊగినప్పుడు కొండచరియలు జారే చోటా, తడి ఇసుక నేల బురదలా మారిపోయే చోటా అని. 1989 లోమా ప్రియెటా భూకంపంలో శాన్ ఫ్రాన్సిస్కో మెరీనా ప్రాంతంలో ఇళ్లు కుంగింది ఇలాంటి నేల మీదే.

3. ‘అవును’ దగ్గర చెయ్యి ఆపకండి

వరద, డ్యామ్ ప్రశ్నలకి మాత్రమే ‘తెలియదు, స్థానిక అధికారుల దగ్గరా సమాచారం లేదు’ అనే మూడో గడి ఉంటుంది. మిగతా చోట్ల పటం గీత మీ ఇంటి మీదుగానే పోతూ లోపలో బయటో తేలకపోతే ‘అవును’ అనే పెట్టాలి. కాదని నిపుణుడి రిపోర్టు జతచేస్తే తప్ప ‘కాదు’ పెట్టడానికి వీల్లేదు. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో చాలా ఇళ్లకి ఏదో ఒక ‘అవును’ ఉంటుంది. దాన్ని చూసి బేరం పోతుందని బెంగపడక్కర్లేదు. దాచి అమ్మితే అమ్మకం రద్దవదు గానీ, కొన్నవాళ్లకి జరిగిన నష్టం మీ మెడకి చుట్టుకుంటుంది.

మన తెలుగు రాష్ట్రాల్లో చెరువు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దులో) స్థలం ఉందో లేదో కొనేవాడే కాళ్లరిగేలా తిరిగి తెలుసుకోవాలి. తెలిసిన లోపం దాచొద్దని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ కూడా చెబుతుంది, కానీ పటం చూసి టిక్కు పెట్టి ఇచ్చే ఇలాంటి ఫారం లేదు.

4. అగ్ని మండలంలో ఉంటే ఇంకో పని

2021 నుంచి ప్రమాదం ఎక్కువ, చాలా ఎక్కువ అని గుర్తించిన అగ్ని మండలాల్లో ఇల్లు అమ్మేవాళ్లు ఇంటి చుట్టూ వంద అడుగుల మేర ఎండుగడ్డి, పొదలు నిబంధనల ప్రకారం తీసేశామని తనిఖీ పత్రం చూపించాలి. ఆ పత్రం చేతికి రాకపోతే, తరవాత తెచ్చుకుంటామని కొనేవాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. తనిఖీకి అధికారులు రావడానికి రోజులు పడుతుంది, కాబట్టి ముందే అడగండి. ఇల్లు 2010కి ముందు కట్టిందైతే నిప్పురవ్వలు లోపలికి దూరే వెంట్లు, చెక్క పైకప్పు లాంటి వాటి గురించి వేరే నోటీసు కూడా ఇవ్వాలి.

5. ఆఫర్‌కి ముందే చేతికివ్వండి

ఒప్పందం మీద సంతకాలయ్యాక ఇస్తే కొనేవాళ్లకి వెనక్కి తగ్గే హక్కు వస్తుంది: చేతికిస్తే మూడు రోజులు, పోస్టులో పంపితే ఐదు రోజులు. ముందే ఇస్తే ఆ తలనొప్పి ఉండదు. మీరు, మీ ఏజెంటు, కొనేవాళ్లు పెట్టిన సంతకాలున్న కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి.

6. పటంలో లేనిది వేరే ఫారంలో

ఈ ఫారం అడిగేది పటం మాట. మీ అనుభవం రాయాల్సింది ట్రాన్స్‌ఫర్ డిస్‌క్లోజర్ స్టేట్‌మెంట్‌లో. 2017 ఫిబ్రవరిలో శాన్ హోసేలో కయోటీ క్రీక్ పొంగినప్పుడు మీ గరాజ్‌లోకి నీళ్లొచ్చాయనుకోండి. ఫెమా పటంలో ఇల్లు వరద జోన్ బయటే ఉంటే ఇక్కడ ‘కాదు’ అనే పెట్టండి. అక్కడ మాత్రం నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో, ఏం బాగుచేయించారో రాసి, రసీదులుంటే జతచేయండి.