ఆమె కాగితాలు ఆమె పేరుతోనే: ఇంట్లో ఆడవాళ్ళ ఉత్తరాలు దాచే పద్ధతి

ప్రొద్దుటూరులో మా ఇంటికి ఎవరైనా వచ్చి "టీచరమ్మా, మా అవ్వ ట్రంకుపెట్టెలో పాత ఉత్తరాలు బయటపడ్డాయి, ఏం చేయమంటారు?" అని అడిగితే నేను మొదట చెప్పేది రెండు మాటలు. ఏదీ పారేయకండి. ఏదీ సర్దకండి. మొదటిది అందరూ ఒప్పుకుంటారు. రెండోది విని ఆశ్చర్యపోతారు. పెట్టె తెరవగానే ఉత్తరాలు ఒక పక్క, రసీదులు ఒక పక్క పెట్టేయాలని చేయి ఊరుకోదు మరి.

కానీ ఆమె దేన్ని దేనితో కలిపి కట్టిందన్నదే ఒక సమాచారం. మా అవ్వ పెట్టెలో ఒక గాజుల కుదువ రసీదూ, మా పెద్దమ్మ అత్తగారింటి నుంచి రాసిన ఇన్‌లాండ్ లెటరూ ఒకే తెల్లదారంతో కట్టి ఉన్నాయి. ఉత్తరంలో పెద్దమ్మ "నెలలు నిండాయి, డాక్టరమ్మ ఆపరేషన్ అంటోంది" అని రాసింది. రసీదు తేదీ దానికి వారం తర్వాతది. ఆ గాజులు ఎందుకు కుదువకు పోయాయో ఇంట్లో ఎవరూ నోరు విప్పి చెప్పలేదు, ఆ దారం చెప్పింది. రెండింటినీ విడదీసి వేరువేరు ఫైళ్ళలో పెట్టి ఉంటే ఆ సంగతి అంతటితో పోయేది.

కాబట్టి ముందు పెట్టెను ఉన్నదున్నట్టు ఫోన్‌తో ఫోటో తీయండి. ఒక్కో వరస తీసే కొద్దీ ఇంకో ఫోటో. ప్రతి కట్టకూ ఒక నంబరు వేసి, తెల్లకాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి కట్టలోనే పెట్టండి. కట్టలో ఒక్కో కాగితానికి వెనక వైపు మూలన మెత్తటి పెన్సిల్‌తో చిన్నగా 3/1, 3/2 అని (ముందు కట్ట నంబరు, తర్వాత కాగితం నంబరు) వేసుకోండి. పెన్ను వద్దు, స్టిక్కర్లు అసలే వద్దు. కవరునూ లోపలి ఉత్తరాన్నీ ఎప్పుడూ విడదీయకండి.

ఏవి దాచాలి అన్న దగ్గర చాలామంది తడబడతారు. "ముఖ్యమైనవి" ఏరుతామంటారు. మగవాళ్ళ విషయంలో ముఖ్యమైనవంటే పట్టాలు, దస్తావేజులు, ఉద్యోగం ఆర్డర్లు. ఆ లెక్కన ఆడవాళ్ళ పెట్టెలో ఏమీ మిగలదు. పాలవాడి లెక్క రాసిన క్యాలెండరు, చీటీ పాటల పద్దు, మంగళహారతుల నోటుబుక్కు, ముగ్గుల పుస్తకం, సగంలో ఆగిన రామకోటి, కాన్పు ఆసుపత్రి చీటీ, డ్వాక్రా సంఘం పాస్‌బుక్కు, సంఘం తీర్మానాల పుస్తకం, ఇవన్నీ ఆమె కాగితాలే. తీర్మానాల పుస్తకంలో వేలిముద్రలు ఉన్న పేజీల తర్వాత అదే పేరుతో వంకరటింకర సంతకం కనిపిస్తే, ఆ మనిషి ఎప్పుడు రాత నేర్చుకుందో మీ కళ్ళ ముందే ఉన్నట్టు. అలాంటి రుజువు ఏ సర్కారు ఆఫీసులోనూ దొరకదు.

ఇక పేరు. నేను చూసిన ప్రతి ఇంట్లోనూ ఫైలు మీద "తాతగారి ఉత్తరాలు" అనో "ఫలానా రెడ్డిగారి కుటుంబ కాగితాలు" అనో ఉంటుంది. తెరిస్తే ముప్పాతిక భాగం అవ్వకు వచ్చినవే. చిరునామా కేరాఫ్ భర్త పేరున ఉన్నందుకే అవి ఆయనవి అయిపోయాయి. ఫైలు మీద ఆమె పేరు రాయండి. పుట్టింటి పేరు, పెళ్ళయ్యాక మార్చి ఉంటే ఆ పేరు, ఇంట్లో పిలిచే పేరు, పుట్టిన ఊరు, మెట్టిన ఊరు, తల్లి పేరు. తల్లి పేరు తప్పకుండా రాయండి. తండ్రి పేరు ఎలాగూ ఎక్కడో ఒకచోట ఉంటుంది.

ఉత్తరాల్లో పేరుకు ముందు రాసే చి.ల.సౌ., మ.ల.సౌ., గం.భా.స. అన్న అక్షరాలను కూడా ఉన్నవి ఉన్నట్టే నమోదు చేయండి. సౌభాగ్యవతి అని రాస్తున్న చేయి ఒక్కసారిగా గంగాభాగీరథీ సమానురాలు అని మారిస్తే, ఆ రెండు ఉత్తరాల మధ్య ఆమె భర్త పోయాడని అర్థం. తేదీ లేని ఉత్తరాలను వరసలో పెట్టడానికి ఇది పనికొస్తుంది. ఇంకో సంగతి. చావు కబురు ఉత్తరాన్ని చదివి, చించి బయటే పారేయడం మన ఇళ్ళలో ఆనవాయితీ. పసుపు పూసిన శుభలేఖలు మాత్రం గంపెడు మిగులుతాయి. కట్టలో చావులు లేవంటే ఆ ఇంట చావులు లేవని కాదు.

తేదీలు కట్టడానికి మరికొన్ని ఆధారాలు. తపాలా ముద్రలో ఊరూ తేదీ ఉంటాయి, భూతద్దం పెట్టి చూడండి. స్టాంపు మీద అణాలు ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది అనుకోవచ్చు. నయా పైసలు ఉంటే 1957 తర్వాతది. ఇన్‌లాండ్ లెటర్ 1950లో వచ్చింది, అంతకు ముందుది కాదు. చిరునామాలో పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. శిస్తు రసీదుల మీద ఫసలీ సంవత్సరం (శిస్తు లెక్కల ఏడు) ఉంటుంది, దానికి 590 కలపండి: ఫసలీ 1360 అంటే 1950 జులై నుంచి 1951 జూన్ దాకా. "విరోధి నామ సంవత్సరం" అని ఉంటే 1949-50, లేదా 2009-10. అరవయ్యేళ్ళ తేడా కాబట్టి కాగితం చూడగానే ఏదో తెలిసిపోతుంది. మీరు ఊహించి వేసిన తేదీని చదరపు కుండలీకరణంలో [ ] పెట్టండి, రేపు చదివేవాళ్ళకు అది ఉత్తరంలోది కాదని తెలియాలి.

ఉత్తరం ఎవరు చెప్పారు, ఎవరు రాశారు అన్నది రెండు వేర్వేరు గడుల్లో రాయండి. చదువురాని తల్లులు పక్కింటి పిల్ల చేతనో, పోస్ట్‌మ్యాన్ చేతనో రాయించేవాళ్ళు. "అమ్మ చెప్పమంది" అన్న మాట దగ్గర గొంతు మారుతుంది, చూడండి. మాట అమ్మది, రాత పిల్లది. ఇద్దరి పేర్లూ ఉండాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రమ పెట్టాల్సిన పని ఇప్పుడు చెబుతాను. ఆమె పెట్టెలో ఉన్నవి ఆమెకు వచ్చిన ఉత్తరాలు. ఆమె రాసినవి అక్కడ ఉండవు. అవి జమ్మలమడుగులో చెల్లెలి ఇంట్లోనో, అనంతపురం హాస్టల్లో చదువుకున్న కొడుకు పుస్తకాల మధ్యనో, బెంగళూరులో కూతురి బీరువాలోనో ఉంటాయి. ఎవరెవరు ఆమెకు రాశారో ఒక జాబితా వేసుకుని ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళండి. ఫోన్‌లో అడిగితే "ఏమున్నాయిలే తల్లీ, పాత చెత్త" అంటారు. ఎదురుగా కూర్చుని, మీ దగ్గరున్న వాళ్ళ ఉత్తరాన్ని వాళ్ళ చేతికిస్తే, లేచి వెళ్ళి పెట్టె తెరుస్తారు. అసలు కాగితం అడగొద్దు. అక్కడే ఫోటో తీసుకోండి, ఎవరింట్లో ఉందో రాసుకోండి.

జాగ్రత్త చేయడం నిజానికి అంత కష్టం కాదు. గుండుసూదులు, క్లిప్పులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి, మెల్లగా తీసేయండి. రబ్బరు బ్యాండ్లు కూడా. చిరిగినచోట సెలోటేప్ వేయొద్దు, లామినేషన్ చేయించొద్దు, చేయిస్తే మళ్ళీ వెనక్కి రాదు. చేతులు కడుక్కుని బాగా ఆరనిస్తే చాలు, గ్లవుజులు అక్కర్లేదు. శుభలేఖలను వేరే కవర్లలో పెట్టండి, పసుపు పక్క కాగితానికి అంటుతుంది. బజారులో దొరికే మెత్తటి పీవీసీ కవర్లు వద్దు. యాసిడ్ లేని కాగితపు కవర్లు తెప్పించుకోగలిగితే మంచిది, లేకపోతే ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి అట్టపెట్టెలో పెట్టండి.

మన ఎండలకు మిద్దె కింది అటక పెనంలా కాలుతుంది, అక్కడ వద్దు. స్నానాలగది గోడకు ఆనుకున్న అలమరా కూడా వద్దు. నడిమింట్లో కడప బండల అర ఉంటే, నేలకు జానెడు ఎత్తున, గోడకు తగలకుండా పెట్టండి. కలరా ఉండలు కాగితాల మధ్య వేయకండి. పచ్చి వేపాకు వేస్తే చెమ్మ చేరుతుంది. పురుగు పట్టిన కట్టను జిప్ కవరులో గాలి తీసి మూసి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకండి. ఫోటోలు, క్యాసెట్లు మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

ఫోటోలు తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడనిచోట తీయండి. ఇన్‌లాండ్‌కు మడతల అంచుల్లో, చిరునామా పక్కన కూడా రాసి ఉంటారు, అన్ని వైపులా తీయండి. స్కానర్ ఉంటే ఉత్తరానికి 300 డీపీఐ, ఫోటోకు 600. మూడు కాపీలు ఉండాలి, అందులో ఒకటి వేరే ఊళ్ళో.

రాయచోటి, రాజంపేట వైపు ఇళ్ళలో ఇంకో రకం ఉత్తరాలు ఉంటాయి. కువైట్ వెళ్ళిన తల్లులు పంపిన క్యాసెట్లు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి ఇంటిపనికి వెళ్ళిన మనిషి గొంతు అది, కాగితం కంటే తొందరగా పోతుంది. ముందు క్యాసెట్ పైనున్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకలను విరిచేయండి, పొరపాటున దాని మీద వేరేది రికార్డు కాకుండా. పాడైన ప్లేయర్‌లో పెట్టకండి, టేపు నలిగిపోతుంది. మంచి ప్లేయర్ నుంచి వైరుతో కంప్యూటర్‌లోకి వేవ్ ఫైలుగా ఎక్కించండి. వాళ్ళ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వినండి, పేర్లు వాళ్ళే చెప్పగలరు. ఏడుపు వచ్చినచోట ఆపేయండి, మర్నాడు వినొచ్చు.

బయటికి చూపించే ముందు మనుషుల్ని తలచుకోండి. ఉత్తరం కాగితం అందుకున్నవాళ్ళదైనా, అందులోని రాత మీద కాపీరైటు రాసినవాళ్ళది, వాళ్ళ తర్వాత వారసులది. మొగుడి దెబ్బలు, పోయిన కాన్పులు, అప్పులు అందులో ఉంటాయి. అవి చించేయమని అడిగే బంధువులు తప్పక వస్తారు. చించకండి. వేరే కవరులో పెట్టి, ఫలానా ఏడు దాకా తెరవకూడదని రాసి అంటించండి.

ఇంట్లో దాచలేకపోతే సంస్థలు ఉన్నాయి. అమెరికాలో రాడ్‌క్లిఫ్ కాలేజీ వాళ్ళు 1943లో ఆడవాళ్ళ కాగితాలకే ఒక సేకరణ మొదలుపెట్టారు, అదే ఇప్పటి ష్లెసింగర్ లైబ్రరీ. మన దేశంలో ముంబైలో స్పారో అనే సంస్థ 1988 నుంచి ఆడవాళ్ళ జ్ఞాపకాలు, ఫోటోలు, కాగితాలు దాస్తోంది. కడపలో బ్రౌన్ దొర నివాసం ఉన్నచోటే, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలతో లేచిన సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది, ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. దొరకు వచ్చిన జాబులు నిలిచాయి కాబట్టే పరిశోధకుడు బంగోరె (బండి గోపాలరెడ్డి) వాటిని వెలికితీయగలిగారు. అదే కాలంలో ఆ వీధుల్లో బతికిన ఆడవాళ్ళ మాట మనకు ఎంత మిగిలింది?

ఏ సంస్థకైనా ముందు జాబితా పంపి, తీసుకుంటారో లేదో కనుక్కుని వెళ్ళండి. ఇచ్చేటప్పుడు రాతపూర్వకంగా మూడు విషయాలు రాయించుకోండి. కట్టల వరస మార్చకూడదు. మూసిన కవర్లు గడువు దాకా తెరవకూడదు. క్యాటలాగులో సేకరణ పేరు ఆమె పేరుగానే ఉండాలి, ఇచ్చిన మనవడి పేరుగానో భర్త పేరుగానో కాదు. ఆ కాగితం నకలు ఒకటి మీ దగ్గర, ఇంకొకటి ఆమె కూతుళ్ళలో ఎవరో ఒకరి దగ్గర ఉంచండి.