పైసలు తక్కువున్నా సినిమా తీయాలంటే
పెద్ద సినిమావాళ్లు కోట్లు పెట్టి సెట్టు వేస్తారు, మనం వేయలేం, కాబట్టి కథనే దొరికే చోట్లకు తగ్గట్టు రాసుకోండి: ఒక ఇల్లు, టీ కొట్టు, వరంగల్‌లోని భద్రకాళి చెరువు గట్టు. ఖిలా వరంగల్ తోరణాల దగ్గరైతే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

ఫోన్‌తో తీసినా పర్లేదు. సౌండ్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. చొక్కా గుండీ దగ్గర చిన్న మైకు పెట్టి, ఫ్యాన్, ఫ్రిజ్ ఆపేసి, ఎవరూ మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేసి ఉంచుకోండి, ఎడిటింగ్‌లో మాటల మధ్య ఖాళీల్లో దాన్ని వేస్తే అతుకులు తెలియవు.

నటులుగా ఊళ్లోవాళ్లనే అడగండి. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ సినిమాలో నటించినవాళ్లలో ఎక్కువమంది విశాఖలోని ఆ కంచరపాలెం వాళ్లే. డైలాగులు బట్టీ పట్టించకుండా, సంగతి చెప్పి వాళ్ల యాసలోనే మాట్లాడనివ్వండి, నా దృష్టిలో చిన్న సినిమాకు అసలు బలం అదే. అందరి తిండికి, దారి ఖర్చులకు డబ్బు ముందే పక్కన పెట్టండి.