అమ్మ లేవకపోతే ఎవర్నీ అడగక్కర్లేదు: సెలవులకు ముందే మన పిల్లలకు నేర్పాల్సినవి

పోయిన నెల మా సెంటర్‌కి వచ్చే ఒక బాబు వాళ్ళ అమ్మ షుగర్ డౌన్ అయి వంటింట్లో పడిపోయింది. బాబుకి పద్నాలుగేళ్ళు, మేధో వైకల్యం ఉంది. 108 అన్న నంబరు నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. పాలు పొంగుతుంటే స్టవ్ ఆపాలని నేర్పాం, ఆ రోజు ఆపాడు కూడా. దిండు తెచ్చి అమ్మ తల కింద పెట్టాడు, దుప్పటి కప్పాడు, పక్కనే కూర్చున్నాడు. ఫోన్ ఫ్రిజ్ మీదే ఉంది, చేతికి అందుతుంది. వాటర్ క్యాన్ వేసే అబ్బాయి వచ్చి చూసేదాకా వాడు అలాగే కూర్చున్నాడు. అదృష్టం బాగుండి ఆవిడ బతికింది. "ఫోన్ ఎందుకు చెయ్యలేదు నాన్నా?" అని అడిగితే వాడు చెప్పింది ఒకే మాట. "అమ్మ ముట్టుకోవద్దంది."

పదహారేళ్ళుగా ఇలా మేధో వైకల్యం ఉన్న పిల్లలకు చదువు చెప్తున్నాను. ఇదే తప్పు మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను. నంబరు నేర్పుతాం, ఫోన్ పట్టుకోవడానికి అనుమతి మాత్రం ఇవ్వం. ఎప్పుడో ఒకసారి ఎవరికో కాల్ వెళ్ళిపోయిందని కసురుకుంటాం, "అడక్కుండా ఫోన్ ముట్టుకోకూడదు" అంటాం. మన పిల్లలు ఒక రూల్ పట్టుకుంటే వదలరు. అమ్మ కింద పడి ఉన్నా, ఆ అమ్మనే అడగాలని ఎదురుచూస్తారు.

సెలవులొస్తే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంట్లో ఒక పిల్లవాడు, ఒక పెద్దావిడ మాత్రమే ఉండే ఇళ్ళు చాలా ఉన్నాయి. పైగా ఎండలు. అందుకే ఇప్పుడే చెప్తున్నాను.

ఎప్పుడు చెయ్యాలి

"ప్రమాదం వస్తే ఫోన్ చెయ్యి" అంటే వాళ్ళకు అర్థం కాదు. ప్రమాదం అనేది కంటికి కనిపించే వస్తువు కాదు. కనిపించేవి మూడే నేర్పండి: మనిషి లేవట్లేదు, మంట లేదా పొగ వస్తోంది, రక్తం ఆగట్లేదు. ఒక్కోదానికి ఒక బొమ్మ. మొదటిదానికి ఒక పరీక్ష కూడా నేర్పాలి. మూడుసార్లు గట్టిగా పిలవాలి, భుజం తట్టాలి. నిద్రపోతున్న అమ్మ "ఊఁ" అంటుంది. ఊఁ అనకపోతే ఫోన్.

ఫోన్ చెయ్యకూడని బొమ్మలు కూడా కలిపి చూపించండి. కరెంటు పోయింది, రిమోట్ దొరకలేదు, చెల్లి ఏడుస్తోంది. ఇవి లేకుండా నేర్పితే ప్రతి బొమ్మకూ "ఫోన్" అనేస్తారు, మనం నేర్చేసుకున్నారని మురిసిపోతాం.

ఏ నంబరు, ఎలా

ఒకటే నంబరు. 108 హైదరాబాద్‌లో 2005లో మొదలైంది, మన నోటికి అదే అలవాటు. పిల్లవాడికి అది ముందే వస్తే మార్చకండి. కొత్తగా నేర్పేవాళ్ళు 112 నేర్పండి, పోలీసు, ఫైర్, అంబులెన్స్ మూడింటికీ అదే సరిపోతుంది. ఫోన్ లాక్‌లో ఉన్నా స్క్రీన్ మీద ఎమర్జెన్సీ కాల్ ఉంటుంది, పిన్ అక్కర్లేదు. మీ ఫోన్‌లో అది ఎక్కడుందో ముందు మీరు చూసుకోండి.

ప్రాక్టీస్ అసలు ఫోన్ మీద వద్దు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టాం కదా అనుకోకండి, ఎమర్జెన్సీ నంబరు నొక్కితే చాలా ఫోన్లు ఆ మోడ్ తీసేసి కాల్ కలిపేస్తాయి. లాక్ స్క్రీన్ ఫోటో తీసి, ఫోన్ సైజులోనే ప్రింట్ వేయించి, లామినేషన్ చేయించండి. దాని మీద వేలితో నొక్కించండి. పొరపాటున నిజంగా కాల్ వెళ్తే కట్ చెయ్యకుండా, పొరపాటున వచ్చిందని వాళ్ళకి మీరే చెప్పండి.

చెప్పాల్సిన మాటలు రెండే: "అమ్మ లేవట్లేదు. మా ఇల్లు ఫలానా గుడి పక్కన." ఊరు, వీధి, గుర్తు పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి.

మాటలు రాని పిల్లలు

వీళ్ళను వదిలేయకండి. ఒక కార్డు చేసి, దాని మీద "మా అమ్మ లేవట్లేదు. 112కి ఫోన్ చేసి మాతో రండి" అని రాసి తలుపు పక్కన మేకుకు తగిలించండి. దాన్ని తీసుకెళ్ళి ఎదురింటి బెల్ కొట్టడం నేర్పండి. ఎదురింటి వాళ్ళకు కూడా చెప్పి ఉంచండి.

ఇక మిగిలినవన్నీ వరసగా చెప్తున్నాను.

"అర్థమైందా?" అని అడగొద్దు. అందరూ ఊఁ అంటారు. చేసి చూపించమనండి.

అమ్మ ముందు చేసినవాడు తాతయ్య ముందు చెయ్యకపోవచ్చు. హాల్లో, పడకగదిలో, తాతయ్యతో, అక్కతో వేరువేరుగా చేయించండి.

చెప్పకుండా పడిపోయినట్టు నటించొద్దు. "ఇది ప్రాక్టీస్" అని చెప్పి మొదలుపెట్టండి, "అయిపోయింది" అని చెప్పి లేవండి.

మంట కనిపిస్తే ముందు బయటికి, తర్వాతే ఫోన్. మంచం కింద దాక్కునే పిల్లలు ఎక్కువ. గ్యాస్ వాసన వస్తే స్విచ్ ముట్టుకోకూడదు, బయటికి రావాలి. గ్యాస్ లీకైతే ఫోన్ చేసే నంబరు 1906, అది మీరు రాసి పెట్టుకోండి.

బయటికి వెళ్ళిపోతాడని తలుపుకు పై గడియ పెట్టారు కదా? అంబులెన్స్ వచ్చాక ఆ గడియ ఎవరు తీస్తారు? ఇవాళే చూసుకోండి.

సైరన్‌కి చెవులు మూసుకుని బాత్రూంలో దూరే పిల్లలుంటారు. ఆ శబ్దం చిన్నగా వినిపిస్తూ రోజూ కొంచెం పెంచండి.

ఫోన్ ఎప్పుడూ ఒకే చోట. ఛార్జింగ్‌తో.

తప్పు కాల్ చేస్తే తిట్టొద్దు. ఒక్కసారి తిడితే ఆరు నెలల చదువు పోతుంది, మళ్ళీ ఫ్రిజ్ దగ్గర నిలబడి మీ మొహం చూస్తాడు.

అన్నిటికంటే ముందు ఆ అనుమతి. "అమ్మ లేవకపోతే అడగక్కర్లేదు, ఫోన్ తీసుకో." రోజూ, అదే మాట, అదే వరస. మీరొక్కరే చెప్తే చాలదు. ఫోన్ ముట్టుకోవద్దని ఎప్పుడైనా అన్న నాన్న, నానమ్మ, బాబాయి, అందరూ వాడి ఎదురుగా కూర్చుని, ఫోన్ వాడి చేతిలో పెట్టి, ఎవరి నోటితో వాళ్ళు చెప్పాలి.